పిడికెడు బియ్యంతో నిలిచిన బడి: చావర గురువు, కార్మెల్ సభ చరిత్ర



ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట కొమురం భీం, జోడేఘాట్, నాగోబా గుర్తుకొచ్చాయి. వాటి గురించి మాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ సంచికలోనే రాస్తారు. మేము ఆడపిల్లల హాస్టల్‌లో వార్డెన్ పని చేసేవాళ్ళం. పొద్దున హాజరు, మధ్యాహ్నం బియ్యం లెక్క, రాత్రి జ్వరం వచ్చిన పిల్లకు తడిగుడ్డ, ఇదే మా బతుకు. అందుకని బడి గురించి, అన్నం గురించి, పిల్లలు పడుకునే చోటు గురించి ఒక చరిత్ర చెబుదామనుకున్నాం.

దీనికి కారణం మా హాస్టల్ పిల్ల ఒకతి. కోటపల్లి అడవి వైపు గూడెం నుంచి వచ్చి ఏడో తరగతి చదువుతోంది. పరీక్ష పని మీద పిల్లలను మంచిర్యాల తీసుకెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి కార్మెల్ కాన్వెంట్ బోర్డు చూసి, "కార్మెల్ అంటే ఏంది మేడం? మనిషి పేరా, ఊరి పేరా?" అని అడిగింది. టీచర్ ట్రైనింగ్ చేసి, ఇరవై ఏళ్ళు పిల్లల మధ్యే ఉన్నా మాకు వెంటనే జవాబు రాలేదు. తెలిసిన తర్వాత ఆ పిల్లకు చెప్పాం. అదే ఇప్పుడు మీకూ చెబుతున్నాం.

కార్మెల్ అంటే ఒక కొండ

కార్మెల్ మనిషి పేరు కాదు. ఇజ్రాయెల్ దేశంలో హైఫా పట్టణం దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న కొండ పేరు. సుమారు ఎనిమిది వందల ఏళ్ళ కింద కొందరు క్రైస్తవ సన్యాసులు ఆ కొండ మీద చేరి ప్రార్థన చేసుకుంటూ బతికారు. వాళ్ళ నుంచి వచ్చిందే కార్మెల్ సభ. మన పేన్‌లు కూడా గుట్టల మీద, గుహల్లో ఉంటాయి కదా, కొండ పేరు మీద ఒక సంప్రదాయం నడవడం మనకేమీ కొత్త కాదు.

కాథలిక్కులలో ఇలాంటి సన్యాస సభలు చాలా ఉన్నాయి. ఇందులో చేరినవాళ్ళు పెళ్ళి చేసుకోరు, సొంత ఆస్తి పెట్టుకోరు, పెద్దల మాటకు కట్టుబడి ఉంటామని ప్రమాణం చేస్తారు. కొన్ని సభలు రోగులకు సేవ చేస్తాయి, కొన్ని బడులు నడుపుతాయి. తెలుగు నేలకు ఇలాంటివి ఎన్నో వచ్చాయి. నెదర్లాండ్స్‌లో 1822లో మథియాస్ వోల్ఫ్ అనే గురువు స్థాపించిన జె.ఎం.జె. సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. కాజీపేటలో గాబ్రియేల్ బడి నడిపే బ్రదర్ల సభ ఫ్రాన్స్‌లో పుట్టింది. ఇవన్నీ సముద్రం దాటి వచ్చినవి.

మన ఆదిలాబాద్ వైపు వచ్చిన కార్మెల్ సభ కథ వేరు. దాని పూర్తి పేరు కార్మలైట్స్ ఆఫ్ మేరీ ఇమ్మాక్యులేట్. అందరూ సీఎంఐ అంటారు. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు మన దేశం వాళ్ళే, కేరళ వాళ్ళు. ఆ సభకు ప్రాణం పోసిన మనిషి కురియాకోస్ ఎలియాస్ చావర. కాథలిక్కులు ఆయన్ను పునీతుడు అంటారు. మేము ఈ వ్యాసంలో చావర గురువు అనే అంటాం. బడి పెట్టినవాడు ఎవరికైనా గురువే.

నీళ్ళ మధ్య ఊరు

చావర గురువు 1805 ఫిబ్రవరి 10న కేరళలో ఆలప్పుళ దగ్గర కైనకరి అనే ఊళ్ళో పుట్టాడు. అది కుట్టనాడు ప్రాంతం. అక్కడ వరి పొలాలు సముద్ర మట్టం కంటే కిందికి ఉంటాయి, చుట్టూ కాలువలే. మనం ఎడ్లబండి ఎక్కినట్టు వాళ్ళు పడవ ఎక్కుతారు. అయిదేళ్ళ వయసులో తల్లిదండ్రులు ఆయన్ను ఊరి కళరికి పంపారు. కళరి అంటే ఒక పంతులు తన దగ్గరే పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించే చిన్న బడి. అక్కడి ఆశాన్, అంటే పంతులు, హిందువు. అంటే రేపు ఎన్నో బడులు నడిపే సభకు మూలపురుషుడైన మనిషి మొదటి అక్షరం వేరే మతం గురువు దగ్గర దిద్దాడు.

1818లో పల్లిప్పురంలోని గురువిద్యాలయంలో చేరాడు. అక్కడ పాలక్కల్ తోమా మల్పాన్ ఆయనకు గురువు. మల్పాన్ అంటే సిరియాక్ భాషలో బోధకుడు. చావర అక్కడ చదువుతుండగానే ఊళ్ళో అంటువ్యాధి వచ్చి అమ్మ, నాన్న, ఉన్న ఒక్క అన్న ముగ్గురూ పోయారు. వంశం నిలవాలంటే ఇంటికి వచ్చి పెళ్ళి చేసుకోమని బంధువులు పట్టుబట్టారు. మన గూడేల్లో ఇలాంటి సమయంలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. చదివే పిల్ల చదువు అక్కడితో ఆగుతుంది. చావర ఇంటి బాధ్యత తోబుట్టువు కుటుంబానికి అప్పగించి తిరిగి చదువుకు వెళ్ళాడు. 1829 నవంబర్ 29న గురువుగా అభిషేకం పొందాడు.

ఈ ముక్క చెప్పినప్పుడు మా హాస్టల్ పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి తల్లో తండ్రో లేరు. చదువు ఆగకుండా ఉండాలంటే ఇంట్లో ఇంకొకరు బరువు ఎత్తుకోవాలని వాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

గుట్ట మీది ఇల్లు

పాలక్కల్ తోమా మల్పాన్, పోరూకర తోమా మల్పాన్ అనే ఇద్దరు పెద్దలకు ఊరికి దూరంగా ప్రార్థన చేసుకునే ఆశ్రమం కట్టాలని కోరిక. చావర వాళ్ళతో కలిశాడు. కొట్టాయం దగ్గర మాన్నానం అనే చోట ఒక గుట్టను ఎంచుకుని 1831 మే 11న పునాది రాయి వేశారు. ఆ ఇంటికి సిరియాక్‌లో బేత్ రౌమా అని పేరు పెట్టుకున్నారు. కొండ మీది ఇల్లు అని అర్థం.

1841లో పాలక్కల్ మల్పాన్ పోయారు. 1846లో పోరూకర మల్పాన్ కూడా పోయారు. ఇద్దరు పెద్దలూ పోయి, నలభై ఏళ్ళ చావర ఒక్కడే మిగిలాడు. అప్పటికి ఇంకా ప్రమాణాలు లేవు, సభకు నియమావళి లేదు. అక్కడే ఆ పని చెదిరిపోవచ్చు. తొమ్మిదేళ్ళు ఓపిక పట్టాక, 1855 డిసెంబర్ 8న చావరతో కలిపి 11 మంది ప్రమాణం చేశారు. ఆ రోజు నుంచి అది ఒక మనిషి కోరికగా మిగలకుండా ఒక సభ అయింది. ఒకరు పోతే ఇంకొకరు పని అందుకునే ఏర్పాటు అయింది.

యువకులైన మీరు ఈ ముక్కను గుర్తు పెట్టుకోండి. మన దగ్గర మంచి పని మొదలుపెట్టినవాళ్ళు తక్కువేం కాదు. గూడెంలో రాత్రి బడి పెట్టినవాళ్ళు, లైబ్రరీ అని రెండు అలమారలు తెచ్చినవాళ్ళు ఉన్నారు. ఆ మనిషికి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోగానే అలమారకు తాళం పడుతుంది. చావర గురువు గొప్పతనం మొదలుపెట్టడంలో కంటే, తన తర్వాత ఎవరు చేస్తారో చూసుకోవడంలో ఉందని మాకు అనిపిస్తుంది.

సంస్కృతం బడి, అరటి బోదె యంత్రం

1846లో మాన్నానంలో రెండు పనులు జరిగాయి. ఒకటి బడి. ఆశ్రమం పక్కనే సంస్కృత పాఠశాల తెరిచారు. త్రిశ్శూరు వైపు నుంచి ఒక వారియర్ పండితుణ్ణి పిలిపించి చదువు చెప్పించారు. వారియర్లంటే గుళ్ళో సేవ చేసే కులం. క్రైస్తవ ఆశ్రమంలో హిందూ పండితుడు కూర్చుని సంస్కృతం చెప్పాడు, ఆశ్రమం వాళ్ళూ నేర్చుకున్నారు. ఆ రోజుల్లో సంస్కృతం పై కులాల చేతిలో తాళం వేసిన పెట్టె లాంటిది. ఆ తాళం తీయాలనుకున్నాడు చావర. ఈ బడిలో కులం చూడకుండా పిల్లలను చేర్చుకున్నారు.

రెండోది ముద్రణాలయం. చావర తిరువనంతపురంలో ప్రభుత్వ ముద్రణాలయం చూసి వచ్చాడు. యంత్రం కొనేందుకు డబ్బు లేదు. చూసింది మనసులో పెట్టుకుని అరటి బోదెతో నమూనా చేయించి, దాన్ని బట్టి వడ్రంగి చేత చెక్క యంత్రం చేయించాడని చెబుతారు. దాని మీద మొదట అచ్చయిన పుస్తకం పేరు జ్ఞానపీయూషం. ఆ ముద్రణాలయం నుంచే 1887లో నస్రాణి దీపిక పత్రిక మొదలైంది. అప్పటికి చావర గురువు పోయి పదహారేళ్ళు. ఆ పత్రిక దీపిక పేరుతో ఇప్పటికీ వస్తోంది.

పిడికెడు బియ్యం

ఆ కాలంలో తిరువాన్కూరు రాజ్యం ఎట్లా ఉండేదో కొంచెం చెప్పాలి. 1817లోనే రాణి గౌరీ పార్వతీ బాయి ప్రజల చదువు ఖర్చు రాజ్యమే భరించాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా పొలాల్లో పని చేసే పులయ కులస్తులకు బడి ఎక్కడిది? వాళ్ళను పొలంతో పాటు అమ్మేవారు. తిరువాన్కూరులో బానిసత్వాన్ని చట్టపరంగా రద్దు చేసింది 1855లో. దారిలో ఎదురుపడినా దూరం జరగాల్సిన మనుషుల పిల్లలు బడి మెట్లు ఎక్కడం అప్పట్లో ఊహకందని విషయం.

చావర గురువు మాన్నానం దగ్గర ఆర్పూకరలో ఇలాంటి పేద పిల్లల కోసం బడి పెట్టించాడు. పిల్లలు వస్తే సరిపోదని ఆయనకు త్వరగానే అర్థమైంది. ఆకలితో ఉన్న పిల్ల అక్షరం వైపు చూడదు. బడికి వచ్చిన పిల్లకు మధ్యాహ్నం అన్నం, పుస్తకం, కట్టుకోవడానికి బట్ట ఇచ్చారు. ఆ అన్నం ఎక్కడి నుంచి రావాలి? ఇక్కడే ఆయన ఒక చిన్న ఉపాయం చేశాడు. మలయాళంలో దాన్ని పిడియరి అంటారు. పిడి అంటే పిడికిలి, అరి అంటే బియ్యం. ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసుకునేటప్పుడు ఒక పిడికెడు పక్కన కుండలో వేయాలి. వారానికోసారి ఆ బియ్యం పోగుచేసి బడి పిల్లలకు వండాలి.

ఆలోచించి చూడండి. పిడికెడు బియ్యం తీసినంత మాత్రాన ఏ ఇల్లూ బీద కాదు. పైగా ఆ బియ్యం రాజు ఇచ్చింది కాదు, ఏ ధనవంతుడూ ఇచ్చింది కాదు. ప్రతి పూటా కుండలో బియ్యం వేసే తల్లికి బడి గుర్తుకొస్తుంది. ఆ బడి నాది అనిపిస్తుంది. మన దేశంలో మధ్యాహ్న భోజనం కేంద్ర పథకంగా వచ్చింది 1995లో. దానికి వందేళ్ళకు పైగా ముందు ఊరే తన పిల్లలకు వండిపెట్టిన ఏర్పాటు ఇది.

1861లో చావర వరాపుళ ఆర్చిబిషప్ కింద వికార్ జనరల్ అయ్యాడు. అంటే సిరియన్ కాథలిక్ చర్చిలన్నిటి మీద పెత్తనం చేతికొచ్చింది. ఆర్చిబిషప్ బెర్నార్దీన్ బచినెల్లి కాలంలో ప్రతి చర్చి పక్కన బడి ఉండాలని, పెట్టని చర్చికి శిక్ష తప్పదని కట్టడి వచ్చింది. దాన్ని ఊరూరా తిరిగి అమలు చేయించినవాడు చావర. మలయాళంలో బడిని ఇప్పటికీ పళ్ళిక్కూడం అంటారు. పళ్ళి అంటే వాళ్ళకు చర్చి కూడా.

1868లో తన సొంత ఊరు కైనకరి వాళ్ళకు చావర ఒక ఉత్తరం రాశాడు. కుటుంబాలు ఎట్లా నడవాలో ఒక తండ్రి పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. అప్పుల జోలికి పోవద్దన్నాడు. ఊహ తెలియగానే పిల్లలను బడికి పంపమన్నాడు. పంపి ఊరుకోకుండా, ఏం చదువుతున్నారో, ఎవరితో తిరుగుతున్నారో తల్లిదండ్రులే కనుక్కోవాలన్నాడు. మేము తల్లిదండ్రుల సమావేశంలో చెప్పే మాటలు కూడా ఇవే. నూట యాభై ఏళ్ళ కింద చెప్పారని తెలిసి మాకు నవ్వొచ్చింది, కొంచెం ధైర్యమూ వచ్చింది.

తడకల ఇల్లు

ఇక మా హాస్టల్‌కు అన్నిటికంటే దగ్గరైన ముక్క ఇది. చావర గురువు ఆడవాళ్ళ కోసం కూడా ఒక సభ పెట్టాలనుకున్నాడు. ఇటలీ నుంచి వచ్చిన లియోపోల్డ్ బెక్కారో అనే కార్మెల్ గురువు ఆయనకు తోడు నిలిచాడు. 1866 ఫిబ్రవరి 13న కూనమ్మావు అనే ఊళ్ళో ఆ ఇల్లు మొదలైంది. ఎలీశ్వా అనే వితంతువు, ఆమె కూతురు అన్నా, చెల్లెలు త్రేసియా మొదట ప్రవేశించారు. కట్టడానికి డబ్బు లేక వెదురు తడకలతో కట్టిన ఇల్లు. అక్కడివాళ్ళు దాన్ని పనంబు మఠం అంటారు. పనంబు అంటే వెదురు తడక. మన ఇళ్ళకు కట్టుకునే తడకే.

కేరళలో ఆడవాళ్ళ కోసం అక్కడివాళ్ళతోనే మొదలైన మొదటి సన్యాస సభ ఇది. ఆ స్త్రీలకు మొదట చదవడం, లెక్కలు, చేతిపనులు నేర్పారు. వాళ్ళు నేర్చుకుని ఇతర ఆడపిల్లలకు నేర్పాలి. 1868లో కూనమ్మావులోనే ఆడపిల్లల కోసం బడి, దానితో పాటు పిల్లలు ఉండి చదువుకునే ఇల్లు, అనాథ పిల్లలకు చోటు ఏర్పాటు చేశారు. మన మాటల్లో చెప్పాలంటే ఆడపిల్లల హాస్టల్. వితంతువుకు ఇంటి మూల తప్ప చోటు లేని కాలంలో ఒక వితంతువు ఇంకొకరి పిల్లలకు పెద్ద దిక్కు అయింది. 1890లో ఈ సభ రెండుగా విడిపోయింది. సిరియన్ రీతివాళ్ళది ఒకటి, లాటిన్ రీతివాళ్ళది ఒకటి. సిరియన్ వైపుది ఇప్పుడు సీఎంసీ.

ఆ తడకల ఇంటి గురించి చదివిన రాత్రి మేము మా హాస్టల్ వరండాలో చాలాసేపు కూర్చున్నాం. మా పిల్లలకు సిమెంటు గోడలు, ఇనుప మంచాలు, సన్నబియ్యం ఉన్నాయి. అయినా పత్తి ఏరే రోజులు వస్తే మంచాలు ఖాళీ అవుతాయి.

చావర గురువు 1871 జనవరి 3న కూనమ్మావులో పోయాడు. 1889లో ఆయన అవశేషాలు మాన్నానం తీసుకొచ్చారు. 1986 ఫిబ్రవరి 8న కొట్టాయంలో రెండో జాన్ పాల్ పోప్ ఆయన్ను ధన్యజీవిగా, 2014 నవంబర్ 23న రోమ్‌లో ఫ్రాన్సిస్ పోప్ పునీతుడిగా ప్రకటించారు. అదే రోజు సీఎంసీ సిస్టర్ యూఫ్రేసియా కూడా పునీతురాలైంది. 1987లో భారత ప్రభుత్వం చావర పేరు మీద తపాలా బిళ్ళ వేసింది.

ప్రాణహిత ఒడ్డుకు

కేరళ కాలువల దగ్గర మొదలైన ఈ సభ మన వైపు ఎప్పుడు వచ్చింది? 1962లో చాందా మిషన్ ఏర్పాటు చేసి సీఎంఐ సభకు అప్పగించారు. చాందా అంటే ఇప్పటి చంద్రాపూర్, ప్రాణహిత అవతల. మన ఆదిలాబాద్ జిల్లా కూడా ఆ మిషన్ పరిధిలోకి వచ్చింది. 1977లో చాందా మేత్రాసనం అయింది. మేత్రాసనం అంటే ఒక బిషప్ చూసుకునే ప్రాంతం. 1999లో దాన్నుంచి విడదీసి ఆదిలాబాద్ మేత్రాసనం చేశారు. దాని కేంద్రం మంచిర్యాల. మొదటి బిషప్ జోసెఫ్ కున్నత్ కూడా సీఎంఐ సభవాడే.

1960ల నాటి మన ప్రాంతాన్ని మన పెద్దలను అడిగి తెలుసుకోండి. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరుగుతుంది. వానాకాలం వస్తే వాగులు పొంగి గూడేలకు దారి ఉండదు. ఆ కాలంలో మలయాళం తప్ప ఏమీ రాని యువకులు, యువతులు రైలు దిగి తెలుగు, మరాఠీ నేర్చుకుని బడులు, వైద్యశాలలు పెట్టుకుంటూ పోయారు. వాళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళు మన ఉద్యోగులలో ఉన్నారు. అది ఒప్పుకోవడంలో తప్పు లేదు.

మార్లవాయి మరిచిపోవద్దు

అయితే చదువంతా బయటివాళ్ళే తెచ్చారనుకుంటే అది మన చరిత్రకు అన్యాయం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చాక నిజాం ప్రభుత్వం కదిలింది. హైమెన్‌డార్ఫ్ మన మధ్యకు వచ్చి, మన బాధలు రాసి ప్రభుత్వం ముందు పెట్టాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో వాచకాలు తయారు చేశారు, దేవనాగరి లిపిలో. పిల్ల మొదట తన భాషలో చదవాలి, తర్వాత ఇతర భాషలకు వెళ్ళాలని ఆలోచన. మన మొదటి తరం పంతుళ్ళు అక్కడి నుంచి వచ్చారు.

మాన్నానం 1846, మార్లవాయి 1943. రెండు చోట్లా దారి ఒక్కటే కనిపిస్తుంది. తన మనుషుల్లోంచే పంతుళ్ళను తయారు చేయడం, తన భాషలో పుస్తకం అచ్చేయడం, పిల్ల ఉన్న చోటికి బడి తీసుకెళ్ళడం. కానీ కాలం గడిచేకొద్దీ గోండీ వాచకాలు మన బడుల్లోంచి తప్పుకున్నాయి. మాన్నానం పెరిగింది. మార్లవాయి ప్రభుత్వ పథకంగా వచ్చింది, అధికారులు, విధానాలు మారినప్పుడు మారింది. మాన్నానం వెనుక ప్రతి ఇంటి పిడికెడు బియ్యం ఉంది, ప్రమాణం చేసిన మనుషులు ఉన్నారు. తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

దాచకుండా చెప్పుకోవాల్సినవి

ఈ వ్యాసం చదివి కొందరు పెద్దలు, "బడి పేరుతో మతం గురించి రాశారా?" అనొచ్చు. వాళ్ళ అనుమానానికి కారణాలు ఉంటాయి, మేము కాదనం. మా ఇంట్లో పేన్‌కు మొక్కకుండా కొత్త పంట ముట్టుకోం. ఒక సభ చరిత్ర తెలుసుకుంటే మన పేన్ అలగదు. చావర గురువు సంస్కృతం నేర్చుకున్నాడు, తన ప్రార్థన వదల్లేదు. మనమూ వాళ్ళ దగ్గర పని చేసే పద్ధతి నేర్చుకోవచ్చు, మన మొక్కు వదలక్కర్లేదు.

ఇంకో మాట. బడి మెట్లు ఎక్కినంత మాత్రాన కులం పోలేదు. కేరళ చర్చిల్లోపల కూడా దళిత క్రైస్తవులను వేరుగా చూశారని వాళ్ళే చెబుతూ వచ్చారు. బడి తలుపు అందరికీ తెరుచుకోవడానికి కింది కులాలే పోరాడాల్సి వచ్చింది. 1863లో పుట్టిన అయ్యంకాళి, మా పిల్లలను బడిలో చేర్చుకోకపోతే మీ పొలాల్లో దిగమని పులయ కూలీలతో సమ్మె చేయించాడు. ఇచ్చే చెయ్యి ఉన్నా, అడిగే గొంతు కూడా ఉండాలి. మన కొమురం భీం చెప్పింది కూడా అదే కదా.

మూడోది మన అనుభవం. ఇప్పుడు పట్నాల్లో పేరున్న ప్రైవేటు బడులు, ఎవరివైనా సరే, ఫీజు కట్టగలిగినవాళ్ళతోనే నిండిపోతున్నాయి. మాకు తెలిసిన ఒక పిల్లను తండ్రి అప్పు చేసి అలాంటి ఒక బడిలో వేశాడు. ఇంటి భాష నోటికొస్తే తోటి పిల్లలు నవ్వేవారు. ఏడాది తిరగకముందే మా హాస్టల్‌కు వచ్చింది. వచ్చిన మొదటి నెల తన భాష తెలిసిన పిల్లలతో కూడా తెలుగులోనే మాట్లాడింది. చదువు చెప్పే బడి పిల్ల భాషను సిగ్గుగా మారిస్తే, ఆ బడి ఎంత మంచిదైనా మనకు సగం బడే. పేద పిల్ల కోసం పిడికెడు బియ్యం పోగుచేసిన మనిషి చరిత్ర గుర్తుంటే, ఆయన పేరు చెప్పుకునేవాళ్ళయినా, ప్రభుత్వ బడివాళ్ళమైన మేమైనా ఈ లెక్క ఎప్పటికప్పుడు చూసుకోవాలి.

మనం చేయగలిగింది

మా హాస్టల్‌లో ప్రతి ఏడాది జరిగేదే చెప్పి ముగిస్తాం. దసరాకు పిల్లలను ఇంటికి పంపుతాం. దండారి, దీపావళి అయ్యేసరికి పత్తి విచ్చుకుంటుంది. రావాల్సిన రోజున కొందరు రారు. మేము ఫోన్లు చేస్తాం, సర్పంచ్‌కు చెబుతాం, సెలవు రోజు బండి మీద గూడెం వెళ్తాం. ఒకసారి పిల్ల తల్లి, "ఏడుస్తోంది అక్కా, రానంటోంది" అంది. లోపల ఆ పిల్ల పత్తి సంచి పక్కన కూర్చుని మా వైపు చూస్తోంది. ఏడుపు జాడ లేదు, ఎదురుచూపు ఉంది. ఆ రోజు మేము ఒక్కరమే వెళ్ళాం, మాట చెల్లలేదు. వారం తర్వాత అదే గూడెంలో డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలు ఆ తల్లితో కూర్చుని తమ భాషలో మాట్లాడారు. సోమవారం పిల్ల హాస్టల్‌లో ఉంది.

వార్డెన్ ఎంత తిరిగినా బయటి మనిషే. మీరు ఇంటి మనుషులు. అందుకే ఈ సంఘం యువతను అడుగుతున్నాం. ప్రతి గూడెంలో ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ పిల్ల ఏ హాస్టల్‌లో ఉంది, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు తిరిగి వెళ్ళాలి రాయండి. సెలవు అయిన మర్నాడు ఆ ఇంటికి వెళ్ళండి. పత్తి ఏరే మనిషి లేక పిల్లను ఆపితే, నలుగురు కలిసి ఒక పూట ఆ చేనులో ఏరండి. మన దగ్గర ఒకరి చేనులో ఇంకొకరు పని చేసే అలవాటు ఎప్పటి నుంచో ఉంది, అది కొత్తగా నేర్చుకోవాల్సింది కాదు. మీలో ఎవరైనా పెళ్ళి చేసుకుని వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా, వెళ్ళేముందు ఆ నోట్‌బుక్ ఇంకొకరి చేతికి ఇచ్చి వెళ్ళండి.

కార్మెల్ అంటే ఏందని అడిగిన పిల్లకు ఈ కథంతా చెప్పాక, "మరి మన గూడెంలో పిడికెడు బియ్యం ఎవరు తీస్తారు మేడం?" అంది. బియ్యం ప్రభుత్వం ఇస్తోంది కదా అన్నాం. "బియ్యం కాదు మేడం, మమ్మల్ని అడగడానికి వచ్చేవాళ్ళు" అంది. ఆ పిల్లకు జవాబు మీరే చెప్పాలి.

జై సేవా.